ఆ చిన్న కన్నం ఎవరికి అడ్డొచ్చింది?

మొన్న దసరాకి నాన్న తాతయ్యకి కొత్త ఫోన్ కొన్నారు. తాతయ్యకి ఫోన్‌లో కావలసినవి రెండే: మాట్లాడటం, రేడియో వినడం. తీరా పాత ఇయర్‌ఫోన్ పెట్టబోతే పెట్టడానికి కన్నమే లేదు! దుకాణంలో అడిగితే "ఇప్పుడన్నీ ఇలాగే వస్తున్నాయి, బ్లూటూత్‌ది కొనుక్కోండి" అన్నారు. "తీసెయ్యమని ఎవరడిగేరే?" అన్నారు తాతయ్య. నా ప్రశ్న కూడా అదే.

2016లో ఆపిల్ సంస్థ ఐఫోన్ 7లో హెడ్‌ఫోన్ జాక్ తీసేసి, దానికి 'ధైర్యం' అని పేరు పెట్టింది. ఆ సంస్థని ప్రకటనల్లో వెక్కిరించిన శామ్‌సంగ్, 2019లో నోట్ 10లో తానూ తీసేసింది.

జాక్ లేకపోతే లోపల చోటు మిగులుతుంది, నీళ్లు పోవు అని కొందరు వాదిస్తారు. చోటు మిగిలేది నిజమే. కానీ నీళ్ల మాట నిలవదు. అదే 2016లో వచ్చిన గెలాక్సీ ఎస్7కి జాక్ ఉంది. అయినా మీటరున్నర లోతు నీళ్లలో అరగంట తట్టుకునేలా దాన్ని చేశారు.

వైరు ఇయర్‌ఫోన్ వంద రూపాయలకి దొరుకుతుంది, ఛార్జింగ్ అక్కర్లేదు. బ్లూటూత్‌ది ఖరీదు ఎక్కువ. లోపలి చిన్న బ్యాటరీ కొన్నేళ్లకి నీరసిస్తే మొత్తం పారెయ్యాల్సిందే. లాభం ఎవరికో వేరే చెప్పాలా?

ఇంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. ఫోన్‌లో ఎఫ్‌.ఎం. రేడియోకి మామూలుగా ఆ వైరే ఏంటెనా. మనది బరంపురం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మన పక్కనే గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను చిన్నపిల్లని, అమ్మ చెప్తే తెలిసింది. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. తాతయ్య పాత ఫోన్‌లో వచ్చిన రేడియో వార్తలే మా ఇంటికి దిక్కయ్యాయట. మళ్లీ అలాంటి రాత్రి వస్తే ఇంటర్నెట్ లేని కొత్త ఫోన్ ఏం చెబుతుంది? ఆపదలో పనికొస్తుంది కనుక ఫోన్లలో ఎఫ్‌.ఎం. ఉండేలా చూడాలని 2023లో కేంద్ర ఐటీ శాఖే తయారీదారుల సంఘాలకు సూచించింది. సూచనే గాని చట్టం కాదు.

చట్టం చేస్తే కంపెనీలు వింటాయి. కొత్త ఫోన్లన్నిటికీ టైప్‌-సి ఉండాలని యూరప్ దేశాలు 2024 డిసెంబరు 28 నుంచి నియమం పెట్టాయి. దానికి ముందే, 2023లోనే, ఐఫోన్ కూడా దారికొచ్చింది.

నేను కొత్తదనం వద్దనడం లేదు. మా అక్క బ్లూటూత్‌లోనే పాటలు వింటుంది, విననీ. కొత్తది ఇవ్వండి, కానీ పాతది లాక్కోకండి అంటున్నాను.

అమ్మానాన్నలారా, జాక్ ఉన్న ఫోన్లు ఇంకా దొరుకుతున్నాయి, అదీ తక్కువ ధరవాటిలోనే ఎక్కువ. ఈసారి కొనేటప్పుడు కెమెరా ఎంత అని అడిగే ముందు "జాక్ ఉందా? రేడియో వస్తుందా?" అని అడగండి. అడిగేవాళ్లు లేరనే కదా వాళ్లు తీసేస్తున్నది!

– 10వ తరగతి విద్యార్థిని