చావి బిగించినవా?

నా వాచీ వెనక మూత మీద ‘200 మీటర్లు’ అని చెక్కి ఉంటుంది. అంత లోతులో ఉండే నీటి ఒత్తిడిని తట్టుకునేలా చేశారని అర్థం. అలాంటి వాచీలోకి మొన్న దసరాకు గోపాల్‌పేటలో, మా బోరు దగ్గరి సిమెంటు తొట్టిలో నీళ్ళు పోయాయి. తొట్టి లోతు మోకాలి దాకా. తప్పు వాచీది కాదు, నాది. ఈ వారం ఆ తప్పు గురించే.

అది బ్యాటరీ లేని డైవింగ్ వాచీ. స్టాప్‌వాచ్ కూడా ఉంది. కొత్తది కొనే స్తోమత లేక రెండేళ్ళు డబ్బు కూడబెట్టి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నా. లోపల తిరిగేది వాల్‌జూ 7750 అనే స్విస్ యంత్రం. 1970ల్లో ఎడ్మండ్ కాప్ట్ అనే ఇంజినీరు కంప్యూటర్ సాయంతో దాన్ని రూపొందించాడు. కోడ్ రాసి బతికేవాణ్ణి కాబట్టి ఆ ఒక్క ముక్కకే పడిపోయా.

మా నాయినది హెచ్ఎంటీ జనతా. పెండ్లిలో అమ్మమ్మ వాళ్ళు పెట్టింది. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీతో చేయి కలిపి బెంగళూరులో వాచీలు మొదలుపెట్టిన హెచ్ఎంటీ, మన ఊళ్ళల్లో ఎన్ని పెండ్లికొడుకుల చేతులకు ఎక్కిందో లెక్కలేదు. ఆ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. మా నాయిన జనతా మాత్రం ఇంకా నడుస్తనే ఉంది. రోజూ పొద్దున చాయ్ తాగినంక చావి ఇస్తాడు. ఒక్క రోజు కూడా తప్పడు.

పండగ పొద్దున బ్యాగులోంచి నా వాచీ తీస్తే ఆగిపోయి ఉంది. చేతికి పెట్టుకుంటే లోపలి బరువు అటూఇటూ తిరిగి స్ప్రింగును చుడుతుంది. మూడు రోజులు పెట్టుకోకపోతే దాని శక్తి అయిపోతుంది. అలవాటు ప్రకారం పట్టుకుని ఊపుతున్నా.

“పిల్లగాన్ని జోకొట్టినట్టు ఊపుతున్నవేందిరా? చావి ఇయ్యరాదూ?” అన్నాడు నాయిన.

ఆయన చెప్పిన మొదటి మాట: చావి ఇచ్చేటప్పుడు వాచీ చేతికి ఉండొద్దు. చేతికి ఉంటే వేళ్ళు చావిని పక్కకు వంచుతాయి, లోపలి సన్నటి కడ్డీ మీద భారం పడుతుంది. ఇన్నాళ్ళూ నాకు ఈ సంగతి తెలియదు.

తర్వాత నేనే ఆయనకు నా వాచీ పాఠం చెప్పా. దీని చావికి మర ఉంటుంది. ముందు దాన్ని ఎడమకు విప్పితే చిన్నగా ఎగిరి బయటికొస్తుంది. అప్పుడు కుడికి తిప్పాలి. జనతాకు స్ప్రింగు నిండగానే చావి గట్టిబడుతుంది, అక్కడ ఆపాలి, బలవంతం చేస్తే చెడుతుంది. నా వాచీలో అట్లా అడ్డుపడేది ఏదీ లేదు. నిండినంక స్ప్రింగు కొస గోడ వెంబడి జారిపోతుంది. కాబట్టి లెక్కపెట్టుకోవాలి, ముప్పై నుంచి నలభై తిప్పులు చాలు.

చావిని ఒక మెట్టు లాగితే వారం, తేదీ మారతాయి. కానీ రాత్రి ఎనిమిదికీ తెల్లవారుజాము మూడుకీ మధ్య ముల్లు ఉన్నప్పుడు అట్లా మార్చొద్దు. ఆ వేళలో తేదీని తిప్పే పళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, మనం మధ్యలో లాగితే విరగొచ్చు. ఆగిపోయిన వాచీ చూపించేది పగలో రాత్రో తెలియదు కదా? అందుకే ముందు రెండో మెట్టు లాగి, తేదీ మారేదాకా ముళ్ళను ముందుకు తిప్పాలి. మారిందంటే అర్ధరాత్రి దాటినట్టు. ఇంకాస్త తిప్పి పొద్దున ఆరుకు తేవాలి. మొదటి మెట్టుకు వచ్చి నిన్నటి తేదీ పెట్టాలి. మళ్ళీ రెండో మెట్టు లాగి, తేదీ ఇవ్వాళ్టికి మారేదాకా ముందుకు తిప్పుకుంటూ పోయి అసలు టైమ్ దగ్గర ఆపాలి. రెండో మెట్టులో సెకన్ల ముల్లు ఆగిపోతుంది కాబట్టి సెకనుతో సహా కలపొచ్చు. జనతాలో అది ఆగదు. నాయిన రేడియోలో వార్తలకు ముందొచ్చే కూతలు విని నిమిషాల ముల్లు సర్దుకుంటాడు, అంతే.

చెవి దగ్గర పెట్టుకుని రెండూ విన్నాం. జనతా సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటుంది, నాది ఎనిమిది.

“నీది ఉరుకుతున్నది, నాది నడుస్తున్నది. టైమ్ మాత్రం ఒకటే,” అని నవ్వి, “ఎండ ఎక్కకముందే పొలం కాడికి పోదాం రా” అని లేచాడు.

ఆ తొందరలో చావిని లోపలికి నొక్కా. మర బిగించలేదు.

పొలానికి పోవడానికి కారణం ఉంది. యాసంగికి రెండెకరాలు వరి వేద్దామని నాయిన. బోరు తగ్గినట్టుంది, పల్లి వేద్దామని అమ్మ. వారం నుంచి ఇంట్లో ఇదే పంచాయితీ. నా దగ్గర స్టాప్‌వాచ్ ఉండనే ఉంది, కొలిచి చూద్దామన్నా.

ఇరవై లీటర్ల బకెట్ పైపు కింద పెట్టి పై బటన్ నొక్కా, ముల్లు కదిలింది. బకెట్ నిండగానే మళ్ళీ పై బటన్, ముల్లు ఆగింది. కింది బటన్ నొక్కితే సున్నాకు వచ్చింది. ముల్లు నడుస్తుండగా కింది బటన్ జోలికి పోవద్దు. మూడుసార్లు కొలిస్తే అటూఇటూగా పదహారు సెకన్లు. అంటే నిమిషానికి 75 లీటర్లు, గంటకు 4,500. ఎకరం మీద ఒక్క సెంటీమీటరు నీళ్ళు నిలవాలంటే సుమారు 40 వేల లీటర్లు కావాలి. ఇంకకపోయినా తొమ్మిది గంటల పంపు. రెండెకరాలకు పద్దెనిమిది.

నాయిన చాలాసేపు పైపు వైపే చూశాడు. “తిండికి అర్ధెకరం వరి. మిగిలింది పల్లి” అన్నాడు.

అప్పుడే బకెట్ తొట్టిలో జారిపడింది. డైవింగ్ వాచీయే కదా అన్న ధీమాతో మోచేతి దాకా చేయి పెట్టి తీశా. నిజానికి ఇలాంటి వాచీ ఉన్నా నీళ్ళలో స్టాప్‌వాచ్ బటన్లు నొక్కొద్దంటారు. అక్కడ పనికొచ్చేది అద్దం చుట్టూ తిరిగే రింగు. దిగేటప్పుడు దాని మీది గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురు పెడితే, ఎన్ని నిమిషాలైందో రింగు మీదే కనిపిస్తుంది. అది ఒక్కవైపే తిరుగుతుంది. రాయికి తగిలి జరిగినా గడిచిన సమయం ఎక్కువగానే చూపిస్తుంది, తక్కువ చూపించదు. ఈదేవాడు ముందే పైకి వస్తాడు, ప్రాణం మీదికి రాదు. మనిషి పొరపాటు చేస్తాడని అంత ముందుచూపుతో చేసిన వస్తువు కూడా, చావి బిగించనోణ్ణి కాపాడలేకపోయింది.

అరగంటకు అద్దం లోపల మంచు పట్టింది. నాయిన జనతా ఏదని చూస్తే వేపకొమ్మకు వేలాడుతున్న చొక్కా జేబులో ఉంది. నీళ్ళు ముట్టుకోకముందే తీసి పెట్టుకున్నాడు.

ఎండలో పెడదామా, బియ్యంలో పెడదామా అని నేను ఆలోచిస్తుంటే నాయిన బండి తీశాడు. నేరుగా వనపర్తి. పండగ పూటైనా రిపేరు చేసే పెద్దాయన ఇంట్లోనే దొరికాడు. వాచీ చేతిలోకి తీసుకోకముందే అడిగాడు: “చావి బిగించినవా?”

నేను తల దించుకున్నా. మూత తీసి ఉన్న తడి ఆరబెట్టాడు. “తుప్పుకు ఎక్కువ దినాలు పట్టదు. మొత్తం విప్పి, కడిగి, నూనె వెయ్యాలె. ఆలస్యం చెయ్యకు” అని చెప్పి పైసలు తీసుకోలేదు. హైదరాబాద్‌లో సర్వీసుకు ఇస్తే నా జీతంలో మంచి ముక్కే పోయింది. తుప్పు మాత్రం పట్టలేదు.

బిగించేటప్పుడు ఒక చిట్కా కూడా ఆయనే చెప్పాడు. చావిని మెల్లగా నొక్కి, ముందు కొంచెం ఎడమకు తిప్పాలట. మర కూర్చున్నట్టు వేలికి తెలుస్తుంది. అప్పుడు కుడికి బిగించాలి. నేరుగా బిగిస్తే మర అడ్డంగా పడి అరుగుతుంది.

మొన్న వాచీ ఇంటికొచ్చింది. చేతికి పెట్టుకోకముందే చావి ఇచ్చి, తేదీ పెట్టి, టైమ్ కలిపి, బిగించి, ఫోటో తీసి నాయినకు పంపా. ఆయన తిరిగి రెండు పంపాడు. ఒకటి మొలకెత్తిన పల్లి చేను ఫోటో. రెండోది వాయిస్ మెసేజ్: “మంచిగున్నది. చావి మళ్ళొకసారి చూడు.”

చూశా. బిగించే ఉంది.