నడిచిన నాడే యంత్రము

స్విట్జర్లండు దేశమున, జూరా పర్వతశ్రేణిలో, సముద్రమట్టమునకు వేయి మీటర్లకు పైబడిన ఎత్తున సాంత్‌క్రువా అను చిన్న పట్టణము కలదు. 1910 ప్రాంతమున అచ్చటి పయ్యార్ కంపెనీవారు మాస్ట్రోఫోన్ అను పేరుతో ఒక గ్రామఫోనును నిర్మించి విక్రయించిరి. చూచుటకు అది ఆ కాలపు తక్కిన గ్రామఫోనుల వంటిదే: కొయ్యపెట్టె, పైన తిరుగు పళ్లెము, ప్లేటుపై ఆను ముల్లు, ధ్వనిని గదియంతయు వినిపించు బూర. అయితే దానికి చేతితో కీ ఇయ్యవలసిన పనిలేదు. విద్యుత్తుతోను దానికి సంబంధము లేదు. ఒక చిన్న స్పిరిటుదీపమును వెలిగించి, వేడి యెక్కువరకు వేచి, చక్రమును చేతితో ఒక్కమారు కదలించినచో, దీపమున స్పిరిటు ఉన్నంతవరకు పళ్లెము తిరుగుచునే యుండును. ఇట్టి అపూర్వయంత్రములు నేడు ఏ కొన్నియో మాత్రమే మిగిలి, సంగ్రాహకుల ఇండ్లయందును ప్రదర్శనశాలలయందును కానవచ్చుచున్నవి. వానిని భద్రపరచుట యనగా అద్దాల బీరువాలో నుంచి తాళము వేయుట కాదనియు, వానిని నడిపించు విద్యను కూడ భద్రపరచుటయే యనియు, ఈ విషయమున మన తెలుగునాటి ప్రదర్శనశాలలును ఇంజనీరింగు కళాశాలలును ఇంకను ఉపేక్ష వహింపరాదనియు నా దృఢాభిప్రాయము.

ముందుగా ఆ యంత్రపు లోపలి సంగతి చెప్పవలెను. ఒక లోహపుగొట్టము, దాని ఒక కొన ఎల్లప్పుడును దీపజ్వాలకు తగులుచు వేడిగా నుండును, రెండవ కొన చల్లగా నుండును. లోపల బంధింపబడిన గాలిని, వదులుగా కదలు ఒక తేలిక ముషలకము వేడికొననుండి చల్లనికొనకును, చల్లనికొననుండి వేడికొనకును మార్చిమార్చి త్రోయుచుండును. వేడికొనను చేరిన గాలి వ్యాకోచించి, బిగువుగా అమర్చిన మరియొక పిస్టనును ముందుకు నెట్టును. చల్లబడిన గాలి సంకోచింపగా ఆ పిస్టను వెనుకకు మరలును. ఈ రాకపోకలను బరువైన చక్రమొకటి భ్రమణముగా మార్చి పళ్లెమునకు అందించును. గవర్నరు అను నియంత్రకము వేగము హెచ్చుతగ్గులు కాకుండ కాపాడును. దీనియందు ఇంధనము గొట్టములోపల ప్రేలుట లేదు, కవాటములు టకటకమని కొట్టుకొనుట లేదు, ఆవిరి బుసకొట్టుట లేదు. ఏ యంత్రమునకైనను నిశ్శబ్దము ఒక సుగుణము మాత్రమే. పాట వినిపించు యంత్రమునకు అది ప్రాణము. కావుననే ఆ శిల్పులు ఈ ఇంజనును ఎన్నుకొనుట కేవలము చాపల్యము కాదనియు, సంగీతమర్మము తెలిసినవారి యోజన యనియు నేను తలంతును.

వారు సంగీతమర్మము తెలిసినవారని ఊరక అనలేదు. 1796లో జెనీవా గడియారశిల్పి ఆంత్వాన్ ఫావ్ర్ ఉక్కుదువ్వెన పండ్లను మీటి స్వరములు పలికించు పద్ధతిని కనిపెట్టిన పిమ్మట, జూరా కొండలలో దీర్ఘమైన శీతకాలమున పొలముపనులు లేక ఇండ్లలో కూర్చుండు రైతుకుటుంబములు గడియారపు భాగములతోపాటు సంగీతపేటికలను చేయసాగినవి. పయ్యార్ కుటుంబము ఆ పరిశ్రమలో 1814 నుండియు పేరువడసినది. అయితే 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును, 1887లో బెర్లినర్ గ్రామఫోనును లోకమునకు చూపినతోడనే ఆ పేటికలకు కాలము చెల్లుట మొదలయ్యెను. మనుష్యుని కంఠమునే వినిపించు యంత్రము వచ్చిన పిదప దువ్వెనపండ్ల గానమును కొనువారెవరు? సాంత్‌క్రువా శిల్పులు నిరాశతో చేతులు ముడుచుకొనలేదు. తమ వ్రేళ్లలోని నైపుణ్యమునే గ్రామఫోనులకు మళ్లించిరి. అదే పట్టణమున పుట్టిన తోరెన్స్ సంస్థ తరువాతి కాలమున రికార్డు ప్లేయరులకు జగత్ప్రసిద్ధిని గాంచినది. ఆనాటి గ్రామఫోనుకు ఒక లోపముండెను. నిమిషమునకు 78 చుట్లకు అటునిటుగా తిరుగు ప్లేటు ఇంచుమించు మూడు నాలుగు నిమిషములలో ముగియును. ముగిసినప్పుడెల్ల లేచి కీ ఇయ్యవలెను. ఇయ్యనిచో రాగము మధ్యలోనే క్రుంగిపోవును. ఆ లోపమును తీర్చుటకే మాస్ట్రోఫోనులోనికి ఈ వేడిగాలి ఇంజను వచ్చినది. ఆ ప్లేట్లను అచ్చొత్తుటకు ముఖ్యద్రవ్యమైన లక్క అధికభాగము మన దేశపు అడవులనుండియే లోకమునకు ఎగుమతి యగుచుండెను గనుక, ఆ స్విస్ యంత్రముపై తిరిగిన పాటలలో ఛోటానాగపురపు వృక్షముల అంశము కూడ నుండె ననుట అతిశయోక్తి గాదు.

ఈ వేడిగాలి ఇంజనునకు మూలపురుషుడు రాబర్టు స్టిర్లింగు; 1790లో జన్మించిన స్కాట్లండు దేశీయుడు, వృత్తిచే క్రైస్తవమతాచార్యుడు. ఆయన 1816లో పేటెంటు పొందిన యంత్రమునందలి విశేషము, గాలి చల్లనికొనకు పోవునప్పుడు విడిచిన వేడిని మార్గమధ్యమున నిలిపియుంచి, తిరిగివచ్చునప్పుడు మరల దానికే అందించు ఉపాయము. వ్యర్థమగు వేడిని పొదుపుచేయు ఈ భావము నేటికిని ఇంజనీరులకు శిరోధార్యము. ఆవిరిబాయిలర్లు ప్రేలి కార్మికులు మరణించుచుండిన ఆ దినములలో, బాయిలరే లేని ఇంజను ఎంత ఆశాజనకముగా నుండెనో ఊహింపవచ్చును. 1843లో ఆయన సోదరుడు జేమ్స్ డండీ నగరపు లోహశాలలో ఒక పెద్ద ఆవిరియంత్రమును వేడిగాలి యంత్రముగా మార్చి నడిపించెను. కాని నిరంతరము అగ్నిలో మ్రగ్గు ఆ పోతయినుపకొన నాలుగేండ్లలో మూడుమార్లు భగ్నమయ్యెను. పిమ్మట దానిని విడిచిపెట్టిరి. అచ్చట ఓడినది ఆలోచన గాదు, ఆ కాలపు ఇనుము.

ఇచ్చట నా వాదమునకు ఆయువుపట్టు వంటి సంఘటన యొకటి కలదు. స్టిర్లింగు తన యంత్రపు చిన్న నమూనా నొకదానిని గ్లాస్గో విశ్వవిద్యాలయమునకు ఇచ్చియుండెను. అది కాలక్రమమున ధూళియు జిడ్డును పేరుకొని, కదలక మెదలక పడియుండెను. 1846లో ఆ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నలంకరించిన ఇరువదిరెండేండ్ల యువకుడు విలియం థామ్సన్, తరువాత లార్డు కెల్విన్‌గా ప్రఖ్యాతుడైనవాడు, దానిని శుభ్రముచేయించి, నడిపించి, 1847లో గ్లాస్గో విద్వత్సభ యెదుట దానిని గురించి ప్రసంగించెను. ఆ ఇంజనును గూర్చి యోచించుచుండగా ఒక విరోధాభాసము తోచినది. రెండు కొనలును మంచు కరుగు ఉష్ణోగ్రతయందే యున్నచో, కాసంతయు శ్రమ వ్యయింపకయే నీటిని మంచుగా మార్చవచ్చు ననిపించెను. ఆయన సోదరుడు జేమ్స్ థామ్సన్ దీనిలోని చిక్కును గ్రహించెను. నీరు గడ్డకట్టునప్పుడు వ్యాకోచించి బరువులను నెట్టగలదు గదా, అట్లయిన శూన్యమునుండి పని పుట్టినట్లగును, అది అసంభవము, కావున ఒత్తిడి పెరిగినకొలది నీరు గడ్డకట్టు ఉష్ణోగ్రత తగ్గితీరవలెను. 1849లో ఆయన ఎంత తగ్గవలెనో గణించి చెప్పెను. 1850లో విలియం ప్రయోగముచేసి చూడగా లెక్క సరిపోయినది. ప్రకృతిధర్మమొకటి, ఎవరును ఎరుగనిది, ధూళి తుడిచి నడిపించిన ఒక పాతనమూనా మూలమున వెలువడినది. దానిని బీరువాలోనే యుంచి, ముందొక పేరుపలక తగిలించి, తాకరాదని హెచ్చరిక వ్రాసియుంచినచో ఈ జ్ఞానము ఎంతకాలము ఆలస్యమయ్యెడిదో!

పరాజితమైన విద్య యొక యుగమున నిరుపయోగమైనను, మరియొక యుగమున అక్కరకు వచ్చుననుటకు ఆ ఇంజను యొక్క తదుపరి చరిత్రయే సాక్షి. ఆ జాతి ఇంజనుతో నడచు కిరసనాయిలు పంకాలు విద్యుత్తు లేని కాలమున మన దేశమునందును గాలి వీచినవి. 1930వ దశకపు చివర హాలండు దేశపు ఫిలిప్స్ సంస్థ, విద్యుత్తు లేని చోట్ల రేడియోలను పలికించుటకై ఆ విస్మృతయంత్రమునే చేపట్టినది. ట్రాన్సిస్టరు వచ్చి ఆ అవసరమును తీసివేసినను, అదే యంత్రమును తలక్రిందులుగా నడిపి, పని యిచ్చి చలిని పుట్టించు విధమున వారు గాలిని ద్రవముగా మార్చు యంత్రములను నిర్మించిరి. ఉపగ్రహములలోని పరారుణ సాధనములను చల్లబరచు చిన్న శీతకయంత్రములు ఆ వంశమునకు చెందినవే. 1996లో స్వీడను నౌకాదళమున చేరిన గోట్లండు జలాంతర్గామి, ఉపరితలపు గాలితో అవసరము లేక దీర్ఘకాలము నీటిలో నుండుటకు స్టిర్లింగు ఇంజనులనే ఆశ్రయించినది. అచ్చటను దాని నిశ్శబ్దమే గుణమైనది. గ్రామఫోనులో గాయకునికి అడ్డురాని ఇంజను, సముద్రగర్భమున శత్రువు చెవిని పడని ఇంజనయ్యెను.

ఇక మన సంగతి. తెలుగు రాష్ట్రములలో ఇంజనీరింగు చదువు వేలకొలది విద్యార్థులు స్టిర్లింగు చక్రమును థర్మోడైనమిక్సు పుస్తకమున నాలుగు రేఖలుగా చూచి, పరీక్షకు కంఠస్థముచేసి, మార్కులు పొంది మరచిపోవుచున్నారు. దీపముపై ఒక గొట్టమును పెట్టి, చక్రమును వ్రేలితో నెట్టి, అది తనంతట తాను తిరుగ నారంభించు క్షణమును కన్నులార చూచినవారెందరు? గ్రామఫోనుల విషయమున మన నిర్లక్ష్యము మరింత శోచనీయము. నాటకపద్యములును సంగీతకచ్చేరీలును ప్లేట్లమీద ఊరూరను మారుమ్రోగిన కాలము మనకు నున్నది. తెగిన స్ప్రింగును మార్చి, గవర్నరు బరువులను సరిదిద్ది, సౌండుబాక్సును శ్రుతికి తెచ్చు మెకానిక్కులును ఉండిరి. వారి విద్యను ఎవరును వ్రాసియుంచలేదు. వారి శిష్యులకు ఎవరును జీతమీయలేదు. యంత్రములు ఇత్తడిబూరల అందముచేత హోటళ్ల వరండాలలో అలంకారములుగా నిలిచినవి. విద్య మాత్రము అంతరించుచున్నది. శ్రుతిచేయువారు లేని ఊరిలో వీణ యెంత భద్రముగా నున్నను అది కొయ్యయే యగును గదా.

కదలు యంత్రమునకు జనులను ఆకర్షించు శక్తి యెంతటిదో తెలియగోరువారు హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియమునకు పోయి చూడవచ్చును. అచ్చట అమూల్యములైన శిల్పములును చిత్రములును ఎన్ని యున్నను, గంట కొట్టు సమయము సమీపించునప్పటికి బాలురును వృద్ధులును ఆ సంగీతగడియారము నెదుట వచ్చి కూర్చుందురు. లోపలినుండి ఒక చిన్న బొమ్మ వెలువడి గంట మ్రోగించి మరలిపోవును. ఆ గడియారము నిలిచిపోయియుండినచో, అది కూడ పదివేల వస్తువులలో నొకటిగా నుండెడిదే. సాంత్‌క్రువా సమీపమున లోబెర్సోన్ గ్రామపు బో మ్యూజియమున సంగీతపేటికలను సందర్శకుల యెదుట పలికించి చూపెడివారు. 2020లో యునెస్కోవారు జూరా ప్రాంతపు గడియారశిల్పమును కళాయంత్రనిర్మాణమును మానవజాతి అమూర్తవారసత్వపు జాబితాలో చేర్చుట కూడ ఈ దృష్టితోనే. వారు గౌరవించినది వస్తువును గాదు, చేతులలోని విద్యను.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. నడిపించినచో పాతయంత్రము అరిగిపోవు ననియు, శతాబ్దము దాటిన కొయ్యపెట్టెలో స్పిరిటుదీపము వెలిగించుట ప్రమాద మనియు మ్యూజియముల అధికారులు చెప్పుమాటలో సత్యమున్నది. లోకమున ఒకటి రెండే మిగిలిన వస్తువును నిత్యము నడిపింపుమని నేను కోరను. అట్టిదానికి కొలతలు తీసి, అదే లోహముతో అదే పద్ధతిలో ప్రతిరూపము చేయించి నడిపింపవచ్చును. ఆ ప్రతిరూపమును చేయుటలోనే శిల్పికి సగము విద్య పట్టుబడును. పలువురి యింట మిగిలియున్న సామాన్యమైన కీ గ్రామఫోనుల విషయమున ఈ భయమునకు ఆస్కారమే లేదు. అవి నడవక బిగిసి చెడుచున్నవే గాని నడిచి చెడుట లేదు. దవాఖానాలకు మందులు చాలని దేశమున ధనవంతుల ఆటవస్తువులకు వ్యయ మేల యనువారును కలరు. వారికి నేను వినయముతో చెప్పున దేమనగా, ఇది ఆటవస్తువునకు చేయు వ్యయము గాదు. వేడి, చలి, ఒత్తిడి, చలనము అను ప్రకృతిరహస్యములను కంటితో చూచి చేతితో తాకి నేర్చుకొను అవకాశమునకు చేయు వ్యయము. ఒక కళాశాల తన వార్షికోత్సవపు పందిళ్లకు వెచ్చించు ధనములో కొంతభాగము దీనికి చాలును.

కావలసినవి మూడు పనులు. ప్రతి ఇంజనీరింగు కళాశాలయును, ప్రతి పాలిటెక్నిక్కును, నడచు వేడిగాలి ఇంజను నొకదానిని తన విద్యార్థుల చేతనే తన వర్కుషాపులో చేయించవలెను. లేతుయంత్రమును పట్టగల విద్యార్థికి అది అసాధ్యము గాదు. రెండు రాష్ట్రముల పురావస్తుశాఖలును తమ మ్యూజియములలోని యంత్రముల పట్టికను సిద్ధముచేసి, ఏవి నడచుచున్నవో, ఏవి బాగుచేసిన నడవగలవో ప్రకటించి, వారమున ఒక దినమైనను ప్రజల యెదుట నడిపించుటకు ఒక మెకానిక్కును జీతముపై నియమింపవలెను. ఇంకను మిగిలియున్న గ్రామఫోను, గడియారపు పనివారిని వెదకి, వారి మాటలను చేతికదలికలను చిత్రీకరించి, ఒక్కొక్కరికి ఇద్దరేసి యువశిష్యులను వేతనముతో అప్పగింపవలెను. మూడవ పని అన్నిటికన్న తొందరగా చేయవలసినది. ఎందుకనగా ఇనుము మనకొరకు కొన్ని యేండ్లు వేచియుండును గాని, మనుష్యులు వేచియుండలేరు. వచ్చు ఆర్థికసంవత్సరపు పద్దులలోనే ఇందుకు స్థానము కల్పింపుమని ఉభయప్రభుత్వములను కోరుచున్నాను.