అంట్లు తోము యంత్రము – గృహస్థుల యాక్షేపణలు

అంట్లు తోము యంత్రమును కొనవలెనా, అక్కఱలేదా యను చర్చ యిప్పుడు మన పట్టణములలో నాలుగు డబ్బులు గల యిండ్లయందు తఱచుగా వినవచ్చుచున్నది. చర్చ జరుగుట మంచిదే. కాని యా చర్చలో తీర్పు చెప్పువా రెవరో చూచితిరా? తిన్న కంచమును తిన్నచోటనే విడిచి చేయి కడుగుకొనబోవు పురుషుడు! పుట్టి బుద్ధెఱిగిన తరువాత నొక్క మూకుడైనను తోమియెఱుగనివాడు "మన గిన్నెల కది పనికిరాదు" అని సిద్ధాంతము చేయును. తోమునామె వంటయింటి గుమ్మమునొద్ద నిలిచి వినుచుండును. ఈ విషయమున తోమువారి మాటయే మాట యని నా వాదము. తక్కినవారి కభిప్రాయ ముండవచ్చును గాని యధికారము లేదు.

మొదటి యాక్షేపణ ఖరీదు. పూర్తి పరిమాణము గల యంత్రమునకు సుమారు రూ. 30,000 మొదలుకొని 60,000 వఱకు నగును. ఇది చిన్న మొత్తము కాదు. అప్పుచేసి కొనుమని నే నెవరికిని చెప్పను. అయితే గోడనిండ టెలివిజను కొన్ననాడు, పాత బండి బాగుగనే నడచుచుండగా క్రొత్తబండి తెచ్చిననాడు ఇంత లెక్క చూచితిమా? 2019వ సంవత్సరమున భారత ప్రభుత్వము జరిపించిన కాలవినియోగపు గణనలో, ఇంటివారికొఱకు జీతములేని యింటిపని చేయువారు స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో 26 మంది యని తేలినది. ఆ చేయువారిలోనైనను స్త్రీ దినమునకు 299 నిమిషములు, పురుషుడు 97 నిమిషములు. ఆ యైదు గంటలకు ఏనాడును కూలి కట్టనివానికి యంత్రము ఖరీదుగా కనబడుట వింత గాదు. "మా యమ్మ తోమలేదా?" యందురు. తోమినది. వ్రేళ్ల సందు లొఱసి మంట పెట్టుచుండగా తోమినది. ఆమెకు సమ్మతమేనా యని యెవరైన నడిగితిరా?

రెండవది యాచారము. ఎంగిలి కంచములును, వండిన గిన్నెలును ఒక్క పెట్టెలో కలియునట! అయ్యా, ఇప్పుడు మీ యింట సింకులో కలియుచున్నవి కావా? ఒక్క పీచుతోనే రెండును తోమబడుట లేదా? ఆ తోము చేయి తఱచుగా మీరు వేఱుగా గ్లాసు పెట్టి కాఫీ పోయు పనిమనిషి చేయి. ఆమె చేయి తాకగా శుద్ధియైన గిన్నెకు లేని మైల, ఆమె పెదవి తాకిన గ్లాసునకు ఎక్కడనుండి వచ్చినదో శాస్త్రజ్ఞులు సెలవియ్యవలెను. శాస్త్రమే కావలెనన్నచో మనుస్మృతి పంచమాధ్యాయమును విప్పుడు. రాగి, ఇనుము, కంచు, ఇత్తడి మున్నగు లోహపాత్రలకు క్షారముతోను, ఆమ్లముతోను, నీటితోను శుద్ధి చెప్పబడినది. యంత్రములో వేయు బిళ్ల క్షారగుణము కలది, చివర పాత్రలు మెఱయుటకై పోయు ద్రవములో సాధారణముగా నిమ్మపులుసునందలి యామ్లమే యుండును, నీరు సరేసరి. ఆ నీరైనను చేయి తాళలేని 60, 70 డిగ్రీల వేడి గలది. ఇంతకన్న శుద్ధి కోరువారు పీచును, బూడిదను మాత్రమే నమ్ముట శాస్త్రము గాదు, అలవాటు.

న్యాయమైన యాక్షేపణలును కొన్ని కలవు, వానిని దాచిపెట్టను. ఇనుప పెనము యంత్రములో తుప్పు పట్టును, అల్యూమినియము నల్లబడును, రాగి, ఇత్తడి వన్నె తగ్గును, కొయ్యగరిటె పగులును. కావున ఆవకాయ జాడీయు, అట్ల పెనమును చేతిపనికే మిగులును. స్టీలు కంచములకు, గ్లాసులకు, గిన్నెలకు భయము లేదు. గొట్టపుబావి నీరు కఱుకైన యూళ్లలో యంత్రములో వేఱుగా పోయవలసిన యుప్పు కలదు. అది నీటి కఱకుదనమును విఱుచు భాగమును మరల మరల పనికి సిద్ధపఱచును. దానిని మఱచినవారి గ్లాసులపై తెల్లని పొర కట్టును, నింద యంత్రమునకు వచ్చును. పొదుపుగా నడిపినచో ఒక్క వాయికి సుమారు పది లీటర్ల నీరు చాలును. కొళాయి విప్పి తోముటకు అంతకు మిక్కిలి పోవును. కాలము మాత్రము రెండు మూడు గంటలు. తొందరగలవారి కిది పనికిరాదు. మఱియు కంచములోని కరివేపాకును, మిరపతొడిమలను యంత్రము తీసి పాఱవేయదు. ఎవరో యొకరు దులిపి, వరుసగా సర్దవలెను. ఈ పనికి స్త్రీజన్మ మక్కఱలేదు. ఇంట పదునైదేండ్ల కుమారు డున్నచో వాడు నేడే ప్రారంభింపవచ్చును.

ఈ యంత్రపు పుట్టుక కూడ తెలియదగినదే. జోసెఫీన్ కాక్రేన్ అను అమెరికా వనిత దీనికి 1886లో పేటెంటు పొందినది. వివేకానందస్వామి సర్వమతసభలో ప్రసంగించిన 1893వ సంవత్సరముననే చికాగో మహాప్రదర్శనమున దీనిని చూపినది. పనివారు తన పింగాణీ పాత్రల యంచులు విఱుగగొట్టుచున్నారని విసిగి యామె పూనుకొన్నదని చెప్పుదురు. అనగా జాలి పింగాణీమీదనే గాని చేతులమీద గాదు. మన మా తప్పు చేయరాదు.

ఇక పనిమనిషి మాట. "యంత్రము తెచ్చి దానికడుపు కొట్టుదుమా?" యని కన్నీరు పెట్టువారిని నేనొకటి యడిగెదను: 2020లో దేశము మూతబడినప్పుడు ఆమెను గుమ్మములోనికి రానీయక, ఆ నెలల జీతము పూర్తిగా నిచ్చితిరా? ఈ దేశమున యంత్రముల గిరాకి పెరిగినదియు ఆ నాళ్లలోనే. ఇంటిపనివారికి వారమున కొకసారి వరుసగా 24 గంటల విశ్రాంతి యుండవలెనని 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ యొడంబడికలో వ్రాసినది. మన దేశము దాని నింతవరకు ధ్రువపఱుపలేదు. ప్రభుత్వము చేయకున్న మన యింటిలో మనము చేయుట కడ్డ మెవరు? యంత్రము వచ్చిన నెలలో ఆమె జీతము పైసయైన తగ్గింపకుడు. మిగిలిన పెనములు, ఇల్లు తుడుచుట ఆమె చేయును. ఆదివారము రానక్కఱలేదని ముందుగనే చెప్పుడు. ఆనాటి కంచములు యంత్రములో సర్దువారెవరో ఇంటిలోని మగవారు తమలో తాము నిర్ణయించుకొందురు.