నది అడుగున సాక్షులు

సముద్రం లేని రాయ్‌పూర్‌కు మెరీన్ డ్రైవ్ ఉంది. తేలిబాంధా చెరువు గట్టుకు నగరవాసులు పెట్టుకున్న పేరది. సముద్రం నుంచే వచ్చిన మరో మాట ఈ నగరానికి ఇంకా ఎక్కువ అవసరం. అది బెంథోస్.

గ్రీకులో దీనికి సముద్రపు లోతు అని అర్థం. 1890లో జర్మన్ జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ దీన్ని అడుగున బతికే జీవులకు పేరుగా పెట్టారు. నీటి వాలున కొట్టుకుపోయేవి ప్లాంక్టన్, ఈదగలిగేవి నెక్టన్, అడుగును అంటిపెట్టుకున్నవి బెంథోస్. ఇది ఏ ఒక్క ప్రాణి పేరూ కాదు. నత్తలు, ఆల్చిప్పలు, బురద పురుగులు, తూనీగ లార్వాలు అన్నీ ఇందులోకే వస్తాయి. మాట సముద్రం దగ్గరే ఆగిపోలేదు. నదులు, చెరువుల అడుగున ఉండే జీవులూ బెంథోసే.

రాయ్‌పూర్‌కు తాగునీరిచ్చే ఖారున్ నది శివనాథ్‌లో కలిసి మహానదికి చేరుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో గుర్తించిన 351 కలుషిత నదీ భాగాల్లో ఛత్తీస్‌గఢ్‌వి 5. వాటిలో ఖారున్ ఒకటి. దీనికి కొలమానం బీఓడీ, అంటే నీటిలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్. అది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే జాబితాకెక్కినట్టే.

అయితే సీసాలో పట్టిన నీరు ఆ పూట సంగతే చెబుతుంది. రాత్రి వదిలిన మురుగు తెల్లారేసరికి దిగువకు వెళ్లిపోతుంది. బెంథోస్ అలా వెళ్లిపోలేదు. నెలల తరబడి అక్కడే ఉండి, తట్టుకున్నవి బతుకుతాయి, తట్టుకోలేనివి చస్తాయి. మేఫ్లై లార్వాలు రకరకాలుగా కనిపిస్తే నీటికి ఢోకా లేదన్నమాట. అవి మాయమై, హిమోగ్లోబిన్‌తో ఎర్రగా ఉండే కైరోనమిడ్ లార్వాలే మిగిలితే మురుగు తిష్ఠ వేసిందని అర్థం. బ్రిటన్‌లో రూపొందిన మార్కుల పద్ధతిలో చాలా మేఫ్లై కుటుంబాలకు 10 మార్కులు, కైరోనమిడ్లకు 2. మన కేంద్ర మండలికీ ఇలాంటి జీవ పరీక్షా విధానం ఉంది.

బీఓడీకి ప్రయోగశాల కావాలి. బెంథోస్‌కు వల, తెల్లటి పళ్లెం, కాస్త శిక్షణ పొందిన కన్ను ఉంటే చాలు. కాలేజీ విద్యార్థులూ ఈ పరీక్ష చేయగలరు. అందుకే దీనికి రాజకీయ విలువ కూడా ఉంది. అధికారుల అంకెను పౌరులు సరిచూసుకోవచ్చు.

నది శుభ్రపడిందని ఎవరు ప్రకటించినా, బీఓడీ అంకె పక్కన పురుగుల లెక్క కూడా పెట్టమని అడగాలి. ఆ నీళ్లు తాగేది మనమే కదా.