వాలంటీరింగ్ గంటలు, కోసిగి పిల్లలు

అమెరికాలో రెండేళ్ళు కమ్యూనిటీ కాలేజీలో చదివి, ఆ తర్వాత పెద్ద యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయ్యే దారి మనవాళ్ళకి కొత్తేమీ కాదు. మొదటి రెండేళ్ళ ఫీజు బాగా తగ్గుతుంది, చివరికి చేతికొచ్చే డిగ్రీ మాత్రం ఆ పెద్ద యూనివర్సిటీదే. ఇందులో నాకే పేచీ లేదు. పేచీ అంతా ఆ అప్లికేషన్ కోసం ఆఖరి నిమిషంలో పిల్లల చేత చేయించే "సేవ" గురించే.

ఈ మధ్య మా పిన్ని కూతురు బే ఏరియా నుంచి ఫోన్ చేసింది. "అన్నా, మావాడు జులైలో రెండు వారాలు ఆదోనికి వస్తాడు. కోసిగి పక్క ఏదన్నా బడిలో పిల్లోళ్ళకి కంప్యూటర్ నేర్పిస్తాడంట. నువ్వే ఎవర్నన్నా పట్టుకోని ఒక సర్టిఫికెట్ ఇప్పియ్యాల" అంది. వాడు కంప్యూటర్ సైన్సుకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలనుకుంటున్నాడు. మ్యాథ్స్ ఎంతవరకొచ్చిందమ్మా అంటే, ఇంకా రెండు కోర్సులు మిగిలున్నాయట. సమ్మర్లో ఒకటి చేసేయొచ్చు గానీ, ఊరికి రావాలి కదా అని వదిలేశారట!

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా సంగతే చూద్దాం. ట్రాన్స్‌ఫర్ విద్యార్థి నాలుగు ప్రశ్నలకి జవాబు రాయాలి, ఒక్కోటి 350 పదాలు మించకూడదు. అందులో అందరూ రాసి తీరాల్సిన ప్రశ్న ఒక్కటే: చదవబోయే మేజర్‌కి నువ్వెలా సిద్ధమయ్యావు? మిగిలిన ఏడింటిలో నచ్చిన మూడు ఏరుకోవచ్చు. నీ కాలేజీకో, నీ చుట్టూ ఉన్నవాళ్ళకో ఏం మేలు చేశావన్నది ఆ ఏడింటిలో ఒకటి. అంటే వాళ్ళు ముందడిగేది చదువు గురించి. మనవాడు పక్కన పెట్టింది సరిగ్గా దాన్నే.

పోనీ, సేవైనా అవుతుందా? పశ్చిమ కర్నూలు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. దీపావళి దాటిందంటే కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పల్లెల నుంచి కుటుంబాలకి కుటుంబాలే గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పోతాయి. ఇంటికి తాళం పడుతుంది, పిల్లలూ వాళ్ళతోనే. మళ్ళీ ఉగాదికో, ఆ తర్వాతో వస్తారు. ఆ నెలల్లో పిల్లల్ని ఊళ్ళోనే నిలుపుకోవడానికే సీజనల్ హాస్టళ్ళనే ఏర్పాటు వచ్చింది. మావాడు వచ్చేది జులైలో. అప్పుడు పిల్లలు బడిలోనే ఉంటారు, పంతుళ్ళూ ఉంటారు. నిజంగా మనిషి కావాల్సింది డిసెంబర్లో, జనవరిలో. అప్పుడు వీడికి అక్కడ క్లాసులు. తప్పు పిల్లాడిది కాదు, అవసరం ఎప్పుడో అడక్కుండా టికెట్ బుక్ చేసే మనది.

గంటలు లెక్కపెట్టడం ఒక్క అమెరికా జబ్బని కూడా అనను. మన దగ్గర 1969లో మొదలైన ఎన్నెస్సెస్‌లోనూ రెండేళ్ళకి 240 గంటలు అనే లెక్కుంది. మనం సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాం కాబట్టి తేలిగ్గా అర్థమవుతుంది: కోడ్ లైన్లు లెక్కపెట్టి రేటింగ్ ఇస్తే లైన్లు పెరుగుతాయి, ప్రోగ్రామ్ మాత్రం బాగుపడదు. గంటలు లెక్కపెడితే గంటలు పుడతాయి, అంతే.

ఇదే ఆదోనిలో ఇంకో రకం ట్రాన్స్‌ఫర్ ఉంది. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరేవాళ్ళు. 200 ప్రశ్నలు, 200 మార్కులు, తర్వాత ర్యాంకు. నువ్వెవరివి, ఊరికేం చేశావు అని అడిగే నాథుడు లేడు. వీధిలో ముసలివాళ్ళకి బ్యాంకు ఫారాలు నింపిపెట్టే కుర్రాడికి అక్కడ ఒక్క మార్కూ కలవదు. అన్యాయమే అనిపిస్తుంది గానీ, ఆ పని ఎవరికోసమో నటించి చేసింది కాదని మాత్రం ఖాయంగా చెప్పొచ్చు.

చదివిన విద్యకీ సేవకీ పొత్తు కుదిరితే ఎలా ఉంటుందో చూడాలంటే ఎమ్మిగనూరు చాలు. మాచాని సోమప్ప గారు 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. నేతగాళ్ళ కష్టమేంటో తెలిసిన మనిషి, తెలిసిన ఊళ్ళోనే, ఏళ్ళ తరబడి చేసిన పని. 1954లో పద్మశ్రీ వచ్చింది. ముందు పని, తర్వాతే పేరు.

అందుకని మా చెల్లెలికి చెప్పిందే మీకూ చెప్తున్నా. మొదట ఆ మ్యాథ్స్ కోర్సు పూర్తి చేయించండి. సేవ చేయాలంటే కోసిగి దాకా రానక్కర్లేదు, వాడి కాలేజీలోనే ఆల్జీబ్రా రాక తంటాలు పడేవాళ్ళుంటారు. వారానికి మూడు గంటలు, ఏడాది పొడుగునా వాళ్ళకి చెప్పమనండి. ఇంకొకడికి చెప్తే మనకే బాగా వస్తుందని పంతుళ్ళందరికీ తెలిసిందే కదా :). ఆ తప్పనిసరి ప్రశ్నకీ, సేవ గురించిన ప్రశ్నకీ రాయడానికి నిజమైన సరుకు అక్కడే దొరుకుతుంది. కోసిగి మీదే మనసుంటే, నవంబరు నుంచి మార్చి దాకా వారానికో గంట ఫోన్లో పాఠం చెప్పే ఏర్పాటు ముందుగా పంతుళ్ళతో మాట్లాడుకోండి.

ఇక సర్టిఫికెట్ అంటారా, చూడని పనికి నేను ఎవరి చేతా సంతకం పెట్టించను. ఈ మాటకి మా చెల్లెలు అలిగింది, వారం నుంచి ఫోన్ లేదు. మరి మీ చెల్లెలే అడిగితే మీరేం చేస్తారు?