పండుకి కాలముంది, మనకే లేదు

ఉగాది పచ్చడిలో మామిడి ముక్క వేసిన మర్నాటినుంచే మన యిళ్ళలో ఒకటే గోల: "ఇంకా మామిడిపండ్లు తేలేదేం?" బజారుకెళితే పండ్లు వుంటాయి కూడా. పసుపు రాసుకున్న పేరంటాళ్ళలా నిగనిగలాడుతుంటాయి. తీరా కోస్తే లోపల తెల్లగా, పుల్లగా, టెంక దగ్గర వగరుగా! అప్పుడు వర్తకుణ్ణి తిడతాం, ప్రభుత్వాన్ని తిడతాం, కలికాలాన్ని తిడతాం. ఆ తిట్ల జాబితాలో ఒక్క పేరు మాత్రం వుండదు. సంచీ పట్టుకుని బజారుకెళ్ళిన ఇల్లాలి పేరు!

మాది చెన్నూరు. ఒకప్పుడు ఆదిలాబాదు జిల్లా, 2016 నుంచి మంచిర్యాల జిల్లా. గోదావరి ఉత్తరవాహినిగా పారే వూరు. మా వైపు మామిడితోటలు చాలానే వున్నాయి. మా పుట్టింటివాళ్ళకీ కొన్ని చెట్లున్నాయి. కాబట్టి కాయ చెట్టు దిగేముందు ఏం జరుగుతుందో కాస్త చెప్పగలను.

చాలామంది రైతులు పూత మీదే తోటను గుత్తకిచ్చేస్తారు. కాయ ముదిరేదాకా అప్పులవాడు ఆగడు గదా! గుత్తదారుకేమో గాలివాన భయం. పైగా బజారులో ముందు దిగిన కాయకే మంచి ధర. అందుకని కాయ భుజాలు నిండకముందే, చెట్టు మీద ఒక్క పండైనా పండి రాలకముందే కోసేసి, నాగపూరుకో హైదరాబాదుకో లారీ ఎక్కిస్తారు.

ముదిరిన కాయకి ఏ మందూ అక్కర్లేదు. మా వదిన వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పుతుంది. కాయలోంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువుతో అదే మాగుతుంది. లేతకాయకి రంగు తెప్పించడానికే కార్బైడు. దానికి తడి తగిలితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది. తొక్క పసుపుపచ్చనవుతుంది, లోపల కాయ కాయగానే వుంటుంది. ఆ కార్బైడులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి గనకే, 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు అలా మాగబెట్టిన పండ్ల అమ్మకాన్ని నిషేధించాయి. ఇథిలీన్ వాయువును మోతాదు ప్రకారం వాడుకోవచ్చు. కాని ఏ వాయువూ లేతకాయకి తీపి తేలేదు. ఆ తీపి తెచ్చేది చెట్టు మీద మరో రెండు మూడు వారాల ఎండ. ఆ వారాలే మనం ఇవ్వనిది.

మన తొందర ఒక యెత్తు, మన డాబు ఒక యెత్తు. ఆసుపత్రిలో రోగిని చూడ్డానికి ఆపిల్ పండ్లే పట్టుకెళ్ళాలి. జామపండ్లు తీసుకెళితే పరువు తక్కువ! వంద గ్రాముల జామపండులో సి విటమిన్ 200 మిల్లీగ్రాముల దాకా వుంటుంది. ఆపిల్‌లో 5 మిల్లీగ్రాముల చుట్టుపక్కలే. ఆ ఆపిల్‌ని ఏ నెలలో కోశారో దానికే గుర్తుండదు. అయినా దాని నెత్తిన స్టిక్కరు వుంది గదా, స్టిక్కరు ముందు మనం బేరమాడం.

ఆడేదెక్కడయ్యా అంటే, దసరా రోజుల్లో సీతాఫలాల గంప ముందు. "కండ్లు విచ్చినయ్ బిడ్డా, రేపటికి మాగుతయ్" అంటుంది గంప దించిన అవ్వ. కళ్ళు విచ్చిన సీతాఫలం రెండు మూడు రోజులకంటే ఆగదు. చల్లటి పెట్టెలో పెడితే తొక్క నల్లబడుతుంది. సాయంత్రానికి అమ్ముకోకపోతే అవ్వకి పొద్దుటి కష్టమంతా దండగ. ఆ సంగతి మనకీ తెలుసు. తెలిసే, ఎండ వాలేదాకా ఆగి సగానికి అడుగుతాం. దాన్ని పొదుపంటారా? ఎదుటి మనిషి అవసరం చూసి మెడ పట్టుకోవడం అంటారు.

"సంసారం ఈదేవాళ్ళం, నాలుగు రూపాయలు చూసుకోవద్దా?" అని మీరు నా మీద కత్తి కట్టవచ్చు. చూసుకోండమ్మా! ఏ పండైనా దాని కాలంలోనే చవక. చైత్రంలో మామిడికి పోసే డబ్బుతో రోహిణి ఎండల్లో ఇంటిల్లిపాదీ తృప్తిగా తినొచ్చు. ఈ లోపల పిల్లలు ఏడుస్తారంటారా? తునికిపండ్లు, మొర్రిపండ్లు లేవూ? మిరుగం దాటాక అల్లనేరేడు, దసరాకి సీతాఫలం, సంక్రాంతికి రేగుపండ్లు. పది నిమిషాల్లో అన్నీ గుమ్మంలో వాలే ఈ రోజుల్లో, ఒక్క పండు కోసమైనా పిల్లలు ఎదురుచూడ్డం నేర్చుకుంటే తప్పేమిటి?

ఇంట్లో ఏ సంగతిలో మన మాట చెల్లినా చెల్లకపోయినా, పండ్ల సంచీ మన చేతిలోనే వుంది. వచ్చే ఉగాది వెళ్ళిన వారానికే మెరిసే మామిడి కనిపిస్తే, ధరైనా అడక్కుండా ముందుకు నడవండి. వీధికి పదిమంది అలా నడిస్తే వర్తకుడు రెండు వారాలాగి కొంటాడు. గుత్తదారు రెండు వారాలాగి కోస్తాడు. గంప దించిన అవ్వ దగ్గర మాత్రం ఆగండి. ఆవిడ చెప్పిన ధర ఇచ్చి, ఏ కాయ ఎప్పుడు మాగుతుందో అడిగి మరీ తెచ్చుకోండి.