సరుకుల చీటీకి మొక్కిన సన్యాసులు

వాల్టర్ మిల్లర్ రాసిన 'ఎ కాంటికల్ ఫర్ లీబోవిట్జ్' నవల శ్రమకాల ఉపవాసంతో మొదలవుతుంది. అణుయుద్ధం జరిగి ఆరు వందల ఏళ్లయింది. చదువుకున్నవాళ్ల వల్లే లోకం తగలబడిందని జనం పండితులను వెతికి వెతికి చంపారు, పుస్తకాలు కాల్చారు. మిగిలిన కాగితాలను కాపాడడానికి లీబోవిట్జ్ అనే ఇంజనీరు సన్యాసుల సంఘం స్థాపించి, ఆ పనిలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. యూటా ఎడారిలో ఒంటరిగా ఉపవాసమున్న ఫ్రాన్సిస్ అనే కుర్ర సన్యాసికి, పాతకాలపు నేలమాళిగలో లీబోవిట్జ్ రాసుకున్న సరుకుల చీటీ, ఒక ఎలక్ట్రిక్ సర్క్యూట్ నక్షా దొరుకుతాయి. నక్షా దేనికో మఠంలో ఎవరికీ తెలియదు. అయినా ఫ్రాన్సిస్ దానికి బంగారు రేకులద్ది నకలు తీస్తూ పదిహేనేళ్లు గడుపుతాడు. దాన్ని పోపుకు ఇవ్వడానికి వెళ్తుంటే దారిదొంగ ఆ మెరిసే నకలునే విలువైనదనుకుని లాక్కుంటాడు. అసలు నక్షా మాత్రం క్షేమంగా పోపు చేతికి చేరుతుంది.

విశ్వాసమంటే ఏమిటో నాకు ఏ ప్రసంగమూ చెప్పనంత స్పష్టంగా ఆ పదిహేనేళ్ల పని చెప్పింది. క్రైస్తవ ఇళ్లలో పిల్లలకు విశ్వాస ప్రమాణం చిన్నప్పుడే నోటికొచ్చేస్తుంది. త్రిత్వం గురించి గట్టిగా అడిగితే పెద్దలు కూడా తడుముకుంటారు. అర్థం కానిది ఎందుకు వల్లించాలని కాలేజీలో స్నేహితులు అడిగేవారు. మిల్లర్‌ను చదివాక వాళ్లకు చెప్పడానికి నాకో మాట దొరికింది. ముందువాళ్లు ప్రాణం పెట్టి అందించినదాన్ని తర్వాతివాళ్లకు చెడకుండా చేర్చడం కూడా ఆరాధనే. నవల రెండో భాగంలో, మరో ఆరు శతాబ్దాలకు, ఆ మఠంలోనే విద్యుద్దీపం వెలుగుతుంది. అయితే దాన్ని తగిలించడానికి గోడ మీది సిలువను దించుతారు. మిల్లర్ అదీ దాచలేదు.

ఆయన ఇవన్నీ ఊహించి మాత్రమే రాసినవాడు కాదు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా బాంబర్ విమానాల్లో రేడియో ఆపరేటరుగా, తోకభాగం గన్నరుగా యాభైకి పైగా దాడుల్లో పాల్గొన్నాడు. 1944 ఫిబ్రవరి 15న ఇటలీలో మాంటే కసీనో కొండ మీది మఠాన్ని నేలమట్టం చేసిన దాడి వాటిలో ఒకటి. పునీత బెనెడిక్ట్ ఆరో శతాబ్దంలో స్థాపించిన మఠం అది. తలదాచుకోవడానికి వచ్చిన మామూలు జనం ఆ శిథిలాల కింద చనిపోయారు. అక్కడి రాతప్రతులను నెలల ముందే రోముకు తరలించడంతో అవి బతికాయి. మిల్లర్ 1947లో కాథలిక్కయ్యాడు. నవల చివర్లో మఠాధిపతి జెర్కీ రాళ్ల కింద నలిగిపోయే ఘట్టం రాస్తుండగా, తాను రాస్తున్నది మాంటే కసీనో గురించేనా అని హఠాత్తుగా తట్టిందని తర్వాత ఆయనే చెప్పాడు. 1961లో నవలకు హ్యూగో అవార్డు వచ్చింది. ఆ తర్వాత బతికుండగా మరో నవల వెలువరించలేదు.

నేను మళ్లీ మళ్లీ తెరిచేది మూడో భాగం. మళ్లీ అణుబాంబులు పడ్డాయి. రేడియేషన్‌తో ఒళ్లు కాలి నరకయాతన పడుతున్న ఒక తల్లికీ బిడ్డకూ ప్రభుత్వ శిబిరంలో నొప్పిలేని చావు ఇప్పిస్తానంటాడు డాక్టరు. వద్దని జెర్కీ బతిమాలతాడు. లారీ కింద పడిన తన పిల్లిని చిన్నప్పుడు చంపబోతే, అది ఎంతకీ చావక పొదల వైపు పాక్కుంటూ పోయిన కథ ఆమెకు చెప్తాడు. ఆమె మనసు మారదు. చివరికి ఆయన డాక్టర్ని కొడతాడు కూడా. ఇక్కడ మిల్లర్ డాక్టర్ని దుర్మార్గుడిని చేయలేదు. జెర్కీ గెలవనూ లేదు. నాకు జెర్కీ చెప్పిందే సత్యం. కానీ ఆ సత్యం ఆ తల్లి మీద మోపే బరువెంతో ఈ పేజీలు చదివాకే తెలిసింది.

మిల్లర్ క్రమంగా చర్చికి దూరమయ్యాడు. 1995లో భార్య చనిపోయింది. 1996 జనవరిలో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. అలా పోయినవాడి మాటకు సాక్ష్యంగా విలువేముందని కొందరు విశ్వాసులు అంటారు. నేను ఒప్పుకోను. నిరాశ ఎంత లోతుగా ఉంటుందో ఎరిగినవాడు కాబట్టే డాక్టరు నోట అంత బలమైన వాదన పెట్టి, దానికెదురుగా జెర్కీని నిలబెట్టగలిగాడని నా నమ్మకం. మొదటి రాజుల గ్రంథంలో ఏలీయా ప్రవక్త కూడా బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకుంటాడు. దేవదూత ఆయన్ను తిట్టడు. అప్పం, నీళ్లు పెట్టి, లేచి తినమంటాడు. పడుకుంటే రెండోసారీ వచ్చి లేపుతాడు. మన సంఘాల్లో ఆత్మహత్య మాట వస్తే చాలు, నరకం ప్రస్తావన తెచ్చే బోధకులున్నారు. అప్పుడే బిడ్డను పాతిపెట్టి వచ్చిన తల్లిదండ్రులు అక్కడే చాప మీద కూర్చుని వింటుంటారు. పాస్టరు గారూ, ఆ ఇంటికి వెళ్లే ముందు ఏలీయా అధ్యాయం చదవండి. వీలైతే జెర్కీ, డాక్టరు తలపడే పేజీలూ చదవండి. వెళ్లాక మాత్రం ముందు వాళ్లు భోంచేశారో లేదో అడగండి.